సర్వీస్ లిఫ్ట్ బందు

చేయాల్సిన పనులు ఇవి.

ఏడంతస్తుల్లోనూ పాత ట్యూబ్‌లైట్లు పీకించి ఎల్‌ఈడీలు పెట్టించాలి. పడమటి అద్దాలకు ఎండ ఆపే ఫిల్మ్ అంటించాలి. వానలు పడకముందే మిద్దె మీద తెల్లరంగు వేయించాలి. నీళ్ల మోటారు మార్పించాలి. ఏసీలన్నీ ఇరవై నాలుగు మీద ఉండేలా చూడాలి. ఎవరైనా పద్దెనిమిదికి తిప్పితే పోయి మళ్లీ ఇరవై నాలుగుకు తేవాలి. వాళ్లు మళ్లీ తిప్పుతారు, మళ్లీ పోవాలి. తాగునీళ్ల ఆర్‌ఓ ప్లాంటు వదిలేసే ఉప్పునీళ్లు మోరీ పాలు కాకుండా సెల్లార్‌లో ట్యాంకులో పట్టి, అన్ని అంతస్తుల్లో నేల తుడవడానికి అవే వాడించాలి. అద్దెకున్న ప్రతివాళ్ల దగ్గరా కరెంటు బిల్లుల నకళ్లు తేవాలి. ఇవ్వకపోతే ఇచ్చేదాకా అడగాలి. చివరగా సర్వీస్ లిఫ్ట్ సంగతి చూడాలి.

పనులన్నీ సుకన్యవే. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట పోయే రోడ్డు మీద, మెట్రో పిల్లర్ల వరసకు ఎదురుగా ఉన్న పాత కాంప్లెక్సులో ఆమె ఎనర్జీ ఎగ్జిక్యూటివ్. కింద బ్యాంకు, మందుల దుకాణం. మధ్య అంతస్తుల నిండా కంప్యూటర్ కోర్సులు చెప్పే ఇన్‌స్టిట్యూట్‌లు. పై రెండంతస్తుల్లో ఒక విదేశీ కంపెనీ ఆఫీసు. భవనానికి గ్రీన్ సర్టిఫికెట్ లేకపోతే అగ్రిమెంటు పొడిగించేది లేదని ఆ కంపెనీవాళ్లు చెప్పేశారు. అప్పుడు ఓనరు జోగారావు గారికి పర్యావరణం మీద ప్రేమ పుట్టింది. సుకన్యకు ఉద్యోగం వచ్చింది.

సనత్‌నగర్ ఫ్యాక్టరీలో హెల్పరుగా పనిచేసే తండ్రికి పుట్టి, ఆ ఇంట్లో మొదటిసారి డిగ్రీ పట్టా, అదీ ఇంజినీరింగ్‌లో తెచ్చిన పిల్ల ఆమె. చేరిన రోజు సాయంత్రం తల్లి చిలకమ్మ అడిగింది.

"ఏం పని బిడ్డా గది?"

"బిల్డింగుల కరెంటు తక్కువ కాలేటట్టు చూసుడమ్మా."

"గదానికి జీతమిస్తరా? ఇరవై ఏండ్ల సంది ఫ్యాన్ బందు జెయ్యి, ఫ్యాన్ బందు జెయ్యి అని నీతోని మొత్తుకుంటున్న. నాకెవలిచ్చిండ్రు?"

చిలకమ్మ అన్నదాంట్లో తప్పేమీ లేదు. సర్టిఫికెట్ లెక్క కూడా అంత సులువైనదే. ఏడాదిలో భవనం మొత్తం కాల్చిన యూనిట్లను దాని చదరపు మీటర్లతో భాగించాలి. వచ్చిన అంకె, సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ గీసిన గీతకు కింద ఉండాలి. ఉంటే పాస్, లేకపోతే నీళ్ల పొదుపు లాంటివాటికి ఎన్ని మార్కులొచ్చినా లేదు. కొత్తగా కట్టే భవనమైతే కాగితం మీద గోడ జరుపుకోవచ్చు, కిటికీ మార్చుకోవచ్చు. నిలబడి ఉన్న భవనంలో జరపగలిగేది మనుషులను మాత్రమే. అది సుకన్యకు రెండో నెలలోనే అర్థమైంది.

కొత్త బ్యాచ్ మొదలయ్యే ముందు ఇన్‌స్టిట్యూట్‌లలో ఫ్రీ డెమో క్లాసులు జరుగుతాయి. వందమంది పట్టే గదిలో రెండొందల మంది నిలబడి వింటారు. అట్లాంటి రోజున ఏసీ ఇరవై నాలుగుకు తేవడానికి పోతే, జావా చెప్పే సారు మైకు చేతిలో పెట్టుకునే అన్నాడు.

"మేడం, ఒక పని చేద్దాం. మీరిక్కడ నిలబడి ఇరవై నాలుగులో జావా చెప్పండి. నేను పోయి మీ మీటర్ చూసుకుంటా."

గది గదంతా నవ్వింది. సుకన్య కూడా నవ్వి, ఇరవై నాలుగు నొక్కి బయటికి వచ్చింది. మెట్రో ఎక్కేలోపు అది మళ్లీ పద్దెనిమిది అయి ఉంటుందని ఆమెకు తెలుసు.

అయినా అంకె దిగింది. లైట్లతో కొంత, ఫిల్మ్‌తో కొంత, మోటారుతో కొంత. వానాకాలం వచ్చేసరికి గీతను ఆనుకుని, దానికి పైనే ఆగిపోయింది. ఇక ఏం చేసినా కదలదు. జ్వరం పట్టుకున్న ఇంట్లో థర్మామీటర్ చూసినట్టు సుకన్య రోజూ మీటర్ చూసేది.

భవనం మేనేజరు కేదార్ గారిది తెనాలి వైపు. పదిహేనేళ్లుగా జోగారావు గారి దగ్గర పనిచేస్తున్నాడు.

"ఇంకేం మిగిలింది సుకన్య గారూ?"

"సర్వీస్ లిఫ్ట్ సార్. పాత మోటారు. బరువుతో ఒక్కసారి పైకి పోయిందంటే మిగతా రెండు లిఫ్టులు కలిపి తాగినంత తాగుతుంది. మోటారు మారిస్తే..."

"మోటారు మార్చమంటే ఆయన నన్ను మారుస్తాడండీ. ఆపేయండి దాన్ని. ప్యాసింజర్ లిఫ్టులు రెండూ కొత్తవేగా, వాటిల్లో సర్దుకుంటారు."

ఎవరు సర్దుకుంటారో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ నోటీసు టైపు చేసి, సర్వీస్ లిఫ్ట్ తలుపు మీద తన చేత్తోనే అంటించింది. 'ఈ లిఫ్ట్ నిలిపివేయబడినది. దయచేసి మిగతా లిఫ్టులు వాడగలరు.'

ప్యాసింజర్ లిఫ్టుల పక్కన గోడకు అంతకంటే పాత బోర్డు ఒకటుంది. సుకన్య పుట్టకముందు కొట్టిందేమో, అంచులు నల్లబడ్డాయి. 'హౌస్‌కీపింగ్ సిబ్బంది, సామాను తెచ్చువారు సర్వీస్ లిఫ్ట్ మాత్రమే వాడవలెను.' రోజూ ఆ బోర్డు ముందే నిలబడి లిఫ్ట్ కోసం చూసేది ఆమె. చదవలేదు. తనకు సంబంధించని బోర్డు ఎవరు చదువుతారు?

ఆ నెల నుంచి అంకె గీత దాటి కిందికి దిగడం మొదలుపెట్టింది. కేదార్ గారు ఆఫీసులో అందరికీ ఇరానీ చాయ్ తెప్పించాడు.

కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటర్ సర్వీసింగ్‌లో ఉండి లిఫ్టులు రెండూ ఆగిపోయాయి. ఐదో అంతస్తులో ఎవరో బిల్లులు ఇస్తామన్నారు. ఇస్తామన్నప్పుడే తెచ్చుకోవాలి కాబట్టి సుకన్య మెట్ల దారి పట్టింది. ఉద్యోగంలో చేరాక ఆ మెట్లెక్కడం అదే మొదలు. గాలి లేదు, పైగా ఫినాయిల్ వాసన. నాలుగో అంతస్తు దాటిన మలుపులో ఒకామె గోడకానుకుని, ఒక కాలు బార్లా చాపుకుని కూర్చుని ఉంది. పక్కన నీళ్ల బకెట్, కర్రకు చుట్టిన తుడుపుగుడ్డ.

హౌస్‌కీపింగ్ సత్తెమ్మ. పొద్దున్నే గేటు దగ్గర కనబడితే "మంచిగున్నవా మేడం" అని పలకరించే మనిషి.

"ఏమైందమ్మా? కండ్లు తిరుగుతున్నయా?"

"ఏం గాలె బిడ్డా, జర దమ్ము తీస్కుంటున్న. నువ్వేంది మెట్లెక్కి వచ్చినవ్? కాళ్లు కందిపోవా?"

"లిఫ్టులు బందయినయ్."

"అట్లనా! అయితే ఇయ్యాల మనిద్దరం జోడీ."

సుకన్య బకెట్ వైపు చూసింది. "ఈ నీళ్లు కిందికెల్లి మోసుకొస్తున్నవా?"

"మరి వాటికి కాళ్లున్నయా ఎక్కనీకి? మీది అంతస్తుల నల్లా నీళ్లు నేలకు పొయ్యొద్దన్నరు. సెల్లార్‌ల ఉప్పునీళ్లే వాడాల్నట. ఎవరో మేడం రూల్ పెట్టిందట." సత్తెమ్మ ఆమె మొహంలోకి చూసి నవ్వింది. ఆ మేడం ఎవరో సత్తెమ్మకు బాగానే తెలుసు.

"అది కాదు, ఆ రెండు లిఫ్టులున్నయ్ గద. వాటిల్ల రావచ్చు గద. నోటీసు సుత పెట్టిన నేను."

"నోటీసు మీకు బిడ్డా. మాకు లిఫ్ట్ కాడ వాచ్‌మన్ రాజనర్సయ్య ఉన్నడు."

"అంటే... అప్పటి సంది నడిచే ఎక్కుతున్నరా? రోజుకు ఎన్నిసార్లు?"

"లెక్కవెడితె ఎక్కబుద్ధి గాదు." సత్తెమ్మ రైలింగ్ పట్టుకుని లేచింది. లేస్తూ పళ్లు బిగబట్టింది. సుకన్య బకెట్ అందుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు. నీ డ్రెస్ ఖరాబైతది. మళ్ల దాన్నుతకనీకి కరెంటు కాల్తది."

రెండూ మంచి పనులే. నీళ్లు ఆదా చేయడం మంచిదే, కరెంటు ఆదా చేయడం మంచిదే. రెండింటికీ సర్టిఫికెట్‌లో మార్కులున్నాయి. ఆ రెండు మంచి పనులూ వచ్చి ఒక మనిషి మోకాళ్ల మీద కూర్చున్నాయని సుకన్యకు ఆ మలుపులో తెలిసింది. బిల్లుల సంగతి మరచి కిందికి దిగింది.

లిఫ్టుల దగ్గర నీలం చొక్కా వేసుకుని నిలబడే వాచ్‌మన్ రాజనర్సయ్య ఆమెను చూసి సర్దుకున్నాడు.

"రాజనర్సన్నా, హౌస్‌కీపింగ్ వాళ్లను లిఫ్ట్ ఎందుకు ఎక్కనిస్తలేవు?"

"నన్నడుగుతరేంది మేడం? గా బోర్డునడుగుర్రి."

అప్పుడు చదివింది సుకన్య ఆ బోర్డును, మొదటిసారి.

"అది పాత బోర్డు గదన్నా. సర్వీస్ లిఫ్ట్ బందయినంక సుత గట్లనేనా?"

"బోర్డు తీసేయమని నాకెవరు చెప్పిండ్రు?" అని, కాస్త గొంతు తగ్గించి అన్నాడు. "గీడ పన్నెండేండ్ల సంది నిలవడుతున్న మేడం. నేను సుత గీ లిఫ్ట్ ఎక్కలే. నమ్ముతరా?"

సుకన్య కేదార్ గారి దగ్గరికి పోయింది.

కేదార్ గారు విని నుదురు రుద్దుకున్నాడు. "ఏంటి సుకన్య గారూ, అన్నీ ఒక దారికొచ్చాయి అనుకుంటుంటే... సరే, ఎక్కనివ్వండి. చూద్దాం."

ఎక్కించారు. రెండు రోజులు బాగానే గడిచింది. మూడో రోజు డెమో క్లాసు. లిఫ్ట్‌లో పిల్లలు కిక్కిరిసి ఉండగా, ఎవరి బ్యాగో తగిలి సత్తెమ్మ బకెట్ ఒరిగింది. ఉప్పునీళ్లు అందరి బూట్లలోకి పోయాయి. ఒకతని ల్యాప్‌టాప్ బ్యాగు తడిసింది. నాలుగో అంతస్తు ఇన్‌స్టిట్యూట్ నడిపే సుమశ్రీ మేడం దిగివచ్చింది. ఆమె చెడ్డ మనిషేం కాదు, ప్రతి పండక్కి వాచ్‌మన్‌లకు బట్టలు పెడుతుంది.

"నేనేం అనకూడదు కానీ కేదార్ గారూ, తల్లిదండ్రులు పిల్లల్ని చేర్పించడానికి వస్తారండీ. లిఫ్ట్ తలుపు తెరవగానే చెత్త సంచులూ, ఫినాయిల్ కంపూ అయితే, ఇదేం ఇన్‌స్టిట్యూట్ అనుకోరూ?"

మర్నాటి నుంచి మళ్లీ మెట్లే.

సుకన్య ఇంకో దారి చూపించింది. సర్వీస్ లిఫ్ట్ మళ్లీ నడపమంది. కేదార్ గారు కుర్చీ ఆమె వైపు తిప్పాడు. "నడిపితే అంకె గీత పైకి పోతుందని మీరే అన్నారు కదా. ఆడిటర్ గారు జనవరిలో వస్తున్నారు. ఆ పైవాళ్లు పోతే రెండంతస్తులు ఖాళీ. మీ ప్రొబేషన్ ఉంది. నా సంగతి సరేసరి. మనిద్దరమూ జీతగాళ్లమే సుకన్య గారూ. రెండు నెలలు. ఆ తర్వాత లిఫ్ట్ నడుపుకుందాం, ఎవరొద్దంటారు?"

ఆ మధ్యాహ్నం సుకన్య సెల్లార్‌కు పోయింది. పంపుల పక్కన అట్టలు పరుచుకుని హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు డబ్బాలు విప్పుతున్నారు. సత్తెమ్మ జరిగి చోటిచ్చింది. సుకన్య కూర్చుని, దాచకుండా మొత్తం చెప్పింది. అంకె, గీత, ఆడిటర్, తన ప్రొబేషన్.

"అంటే మేం మెట్లెక్కితె నీ నౌకరి పక్కా అయితదా?" అంది సత్తెమ్మ.

"గట్ల కాదమ్మా..."

"గట్లనే గద. ఎన్నొద్దులు?"

"రెండు నెలలు."

"గంతేనా? ఎక్కుతం తియ్. ఫికర్ జెయ్యకు." డబ్బా మూత మీద కొంచెం పచ్చడన్నం పెట్టి ఆమె ముందుకు తోసింది. "మా పని కరెంటు తినది బిడ్డా, సద్ది తింటది. మీ మీటర్ల వడది."

అందరూ పగలబడి నవ్వారు. సుకన్య కూడా నవ్వింది, అన్నం తింది. మన్నించమని అడగడానికి పోయినామె, అనుమతి తీసుకుని పైకి వచ్చింది. అది తనకు తెలియకపోలేదు. తెలిసీ వచ్చింది.

ఊరికే ఉండలేక కొన్ని చేసింది. బరువు తగ్గుతుందని చిన్న బకెట్లు కొనిపించింది. చిన్న బకెట్ అయితే అదే నేలకు ఎక్కువసార్లు ఎక్కాలన్నది ఇంజినీరు బుర్రకు తట్టలేదు. సత్తెమ్మ ఆ మాట అనలేదు, చిన్న బకెట్‌తోనే ఎక్కింది. సుకన్య మందుల దుకాణంలో నొప్పుల మలాము కొనిచ్చింది. "మంచి వాసనొస్తది, ఇప్పుడు లిఫ్ట్ ఎక్కనిస్తరేమో" అని సత్తెమ్మ నవ్వింది.

జనవరిలో కంపెనీ అంతస్తులో ఒక కొత్త పిల్ల తుడుస్తూ కనబడింది. సుకన్య కిందికి వచ్చి అడిగింది.

"సత్తెమ్మ మోకాలు పట్టేసింది మేడం," అన్నాడు రాజనర్సయ్య. "మొన్న ఐతారం మెట్ల మీద కూసున్నది, లెవ్వలే. నేనూ ఇంకొకడూ పట్టుకుని ఆటోల ఎక్కిచ్చినం. కాంట్రాక్టరు ఇంక రావద్దన్నడట."

"నాకెందుకు చెప్పలేదన్నా?"

"చెప్తె మీరేం చేస్తుంటిరి మేడం?"

దెప్పిపొడుపు కాదది. నిజంగానే అడిగాడు. మెట్రోలో ఇంటికి పోతూ ఆమె దానికి జవాబు వెతుక్కుంది.

ఆ వారమే ఆడిటర్ సూర్యనారాయణ గారు వచ్చారు. రిటైరయ్యే వయసు, చేతిలో లెదరు సంచి. పొద్దంతా మిద్దె నుంచి సెల్లార్ దాకా తిరిగి చూశారు. లైట్లు బాగున్నాయన్నారు, ఉప్పునీళ్ల ట్యాంకు చాలా బాగుందన్నారు. ఫోటో కూడా తీసుకున్నారు. కేదార్ గారి మొహం వెలిగింది. చివర సర్వీస్ లిఫ్ట్ ముందు ఆగారు. నోటీసు అంచులు లేచి వేలాడుతోంది.

"ఇది ఆపేశారా? మరి సామానూ చెత్తా ఎలా వెళ్తున్నాయి?"

"ప్యాసింజర్ లిఫ్టుల్లో సార్," అన్నాడు కేదార్ గారు.

ఆయన తల ఊపి రాసుకోబోయారు. కలం కాగితానికి తగిలింది కూడా. అంతే, ఆ ఒక్క మాట రాస్తే అయిపోతుంది. సుకన్యకు ఒళ్లంతా అలసటగా అనిపించింది, ఏడాది నుంచి ఎక్కని మెట్లన్నీ అప్పుడే ఎక్కినట్టు.

"కాదు సార్," అంది. "మెట్ల మీద మోసుకుపోతున్నారు. హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు. ఆ ట్యాంకు నీళ్లు కూడా అట్లనే పోతాయి. ఒకామెకు మోకాళ్లు పోయినయి."

కేదార్ గారు నేల వైపు చూశాడు. సూర్యనారాయణ గారు కలం మూత పెట్టారు.

"చూడమ్మా, ఆపేసిన యంత్రం పొదుపు కాదు. నడుస్తూ తక్కువ తాగితేనే పొదుపు. దీన్ని నడిపించండి. మూడు నెలల బిల్లులు వచ్చాక మళ్లీ పిలవండి." సంచి సర్దుకుని గేటు దాకా నడిచాక, తనలో తాను అన్నట్టు అన్నారు. "నేను కూడా ఇన్ని భవనాలు చూశాను. మనుషులు ఎలా ఎక్కుతున్నారని నా ఫారంలో ఎక్కడా లేదమ్మా. సామాను సంగతే ఉంది."

ఆయన పోయాక కేదార్ గారు అరవలేదు. అరిస్తే బాగుండేది. "తల ఊపితే సరిపోయేది సుకన్య గారూ," అన్నాడు అంతే. ఆ సాయంత్రం జోగారావు గారి గదిలో ఆయన ఎంతసేపు నిలబడ్డాడో, ఏమేం విన్నాడో ఆమెకు చెప్పలేదు. సుకన్య ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పెంచారు. కంపెనీవాళ్లు పోతామని అనకుండా, ఎండాకాలం అయ్యేదాకా ఆగుతామన్నారు. అప్పుడు జోగారావు గారు తిట్టుకుంటూ సర్వీస్ లిఫ్ట్‌కు కొత్త మోటారు పెట్టించారు. లిఫ్ట్ నడిచింది, అంకె గీత కిందే ఉంది. మళ్లీ వానలు మొదలయ్యేసరికి సర్టిఫికెట్ వచ్చింది. ఎవరికీ పెద్దగా సంతోషం కలగలేదు. అందరూ అలసిపోయి ఉన్నారు.

సుకన్య సత్తెమ్మకు ఫోన్ చేసింది. ఎస్.ఆర్.నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్ వంటింట్లో కూరగాయలు తరిగే పని దొరికిందట.

"కూసుండి చేసే పనే బిడ్డా, మంచిగనే ఉన్నది. లిఫ్ట్ చాలైందా మరి?"

"చాలైందమ్మా, నడుస్తున్నది. కొత్త మోటారు. చప్పుడే లేదు."

"మస్తు పనైంది. కొత్తగొచ్చిన పిల్ల మోకాళ్లన్న ఉంటయి." అటువైపు కత్తిపీట చప్పుడు వినబడుతోంది. "నీ నౌకరి ఉన్నదా?"

"ఉన్నదమ్మా."

"ఉంటె చాలు. వంకాయలు నల్లవడుతున్నయ్, ఫోన్ పెడుతున్న."

మళ్లీ కాంప్లెక్సులో పని ఇప్పిస్తానని సుకన్య అనాలనుకుంది. ఆ మాట నిలబెట్టుకోగలనో లేదో తెలియక అనలేదు.

గేటు పక్కన గోడకు ఆకుపచ్చ పలక బిగించారు. దాని మీద భవనం పేరుంది, సంస్థ పేరుంది, అంకె ఉంది. ఇంకెవరి పేరుకూ చోటు లేదు. మీరెప్పుడైనా కోర్సు కోసమో, కొలువు కోసమో అమీర్‌పేట, పంజాగుట్టల మధ్య తిరుగుతూ అట్లాంటి పలక చూస్తే, లోపలికి పోయి చల్లటి లిఫ్ట్‌లో నిలబడి మీ అంతస్తు మీట నొక్కితే, ఆ పైకి పోయే కాసేపు సత్తెమ్మను తలుచుకోండి. మీరు ఆమెను చూసి ఉండరు. అయినా తలుచుకోండి.